తాళం వేసిన లైను

"ఇంకోసారి వెయ్యండి," అన్నాను.

"ఇది నాలుగోసారి. సినిమా పాటా ఇది, బట్టీ పట్టడానికి?" అన్నాడు ఇస్త్రీ.

ఇస్త్రీ అంటే క్రైమ్ ఇన్‌స్పెక్టరు. ఎదురుగా ఉంటే సార్, వెనక్కి తిరిగితే ఇస్త్రీ. ఎంత ఎండలో తిరిగొచ్చినా ఆయన చొక్కా మీద ముడత కనపడదు. కేసులూ అంతే, ఒకసారి మడతపెట్టాడంటే మళ్ళీ విప్పడు. ఈ కేసుని నిన్న సాయంత్రమే మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు. దాన్ని బయటికి లాగడానికి నేనొచ్చాను. జైల్లో ఖైదీల ఫోన్లు వినే గదిలో, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో, ఊగుతూ కూర్చున్నాను.

ఆపరేటరు నావైపు జాలిగా చూసి బటన్ నొక్కాడు.

ముందు ఫోన్ల కంపెనీ రికార్డు చేసిపెట్టిన ఆవిడ గొంతు. బస్టాండులో బస్సుల వేళలు చెప్పేంత ప్రశాంతంగా ఉంటుంది. "ఇది జైలు నుంచి వస్తున్న కాల్. ఈ సంభాషణ రికార్డవుతోంది." తర్వాత ఖైదీ తన గొంతుతో చెప్పిన తన పేరు. ఆ తర్వాత, గరగరలాడే మగ గొంతు, పళ్ళ మధ్య నుంచి.

"కోర్టుకొస్తావుగా. వచ్చి, గోడౌను వెనక తలుపుకి బయట గొలుసు వేసుందని చెప్పు. ఎవరడిగినా అదే చెప్పు. చెప్పలేదో, నీ కూతురు..." ఆగాడు. మళ్ళీ ఆవిడ, "ఇది జైలు నుంచి వస్తున్న కాల్..." ఆవిడ ముగించాక మళ్ళీ వాడు, "స్కూలు నుంచి ఏ గేటులోంచి బయటికొస్తుందో నాకు తెలుసు."

అవతల ఒక ఆడమనిషి ఏడుపు. ఆమె గార్డమ్మ, ఆ గోడౌను గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసేది. గోడౌను తగలబడిన రోజు లోపల ముగ్గురు హమాలీలు చనిపోయారు. వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌ని పట్టుకొచ్చి ఈ జైల్లో పెట్టారు. మాట్లాడడు కాబట్టి బ్యారక్‌లో అతనికి సైలెన్సర్ అని పేరు పెట్టారు. అతని తరఫు లాయరమ్మ నన్ను డిటెక్టివుగా పెట్టుకుంది.

అసలు సంగతి గార్డమ్మ లాయరమ్మకి ఎప్పుడో చెప్పింది. వెనక తలుపుకి బయట నుంచి గొలుసుంది, అందుకే ఆ ముగ్గురూ బయటపడలేకపోయారని. రేపు కోర్టులో ఆ మాట చెబితే చాలు, సైలెన్సర్ ఇంటికెళ్తాడు, గొలుసు వేయించినవాడు లోపలికొస్తాడు. కానీ మొన్న ఈ ఫోనొచ్చింది. ఇప్పుడు ఆమె గొలుసుందని ఎంత గట్టిగా చెప్పినా కోర్టు ఏమంటుంది? భయపెట్టి చెప్పించారంటుంది. ఒక్క కాల్‌తో నిజం మీద బురద పోశారు. గార్డమ్మ ఆ రాత్రే కూతుర్ని తీసుకుని ఎటో వెళ్ళిపోయింది.

ఆలోచించినవాడి తెలివిని మెచ్చుకోవాలనిపించింది. మెచ్చుకుని చెంప పగలగొట్టాలనిపించింది.

"నాలుగుసార్లు విన్నావు. ఇప్పుడు నేను చెప్పేది ఒక్కసారి విను," అన్నాడు ఇస్త్రీ. "ఇక్కడ ఫోన్ ఎత్తితే ముందు పేరు చెప్పాలి. మెషీను గొంతు సరిపోల్చుకుంటేనే లైను ఇస్తుంది. సరిపోయింది. కాల్ నడిచినంతసేపూ ఇతనే రిసీవరు పట్టుకుని ఉన్నాడు, కెమెరాలో ఉంది. మాటలు రికార్డులో ఉన్నాయి. ఇంకేం కావాలి నీకు, వాడు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలా?"

"కెమెరాలో వీపు ఉంది సార్. మూతి లేదు."

"వీపుతో మాట్లాడతారా ఎవరన్నా?"

"గార్డమ్మ నంబరుకి ఫోన్ చెయ్యడానికి ఇతనికి అనుమతే లేదుగా. అక్క నంబరు, లాయరు నంబరు, అంతే. అక్కకి చేసిన కాల్ గార్డమ్మకి ఎలా వెళ్ళింది?"

ఇస్త్రీ నవ్వాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. "అక్క తన ఫోన్లో వచ్చే కాల్స్‌ని గార్డమ్మకి మళ్ళించింది. అక్కాతమ్ముళ్ళు కలిసి ఆడారు. ఆవిడ బయట విజిటర్ల షెడ్డులోనే ఉంది, పక్కన మా లేడీ కానిస్టేబులుంది. సాయంత్రం వాణ్ణి వేరే జైల్లో ఒంటరి సెల్లుకి పంపిస్తా, ఆవిణ్ణి స్టేషనుకి తీసుకెళ్తా."

"ఆవిడ ఫోన్ చూశారా మీరు?"

"దేనికి?"

"బటన్ల ఫోను. అందులో ఐదో బటను పని చెయ్యదు. దర్జీ పని చేసుకునే మనిషి. కాల్స్ మళ్ళించడం అటుంచండి, మెసేజ్ చదవడానికి పక్కింటి పిల్లని పిలుస్తుంది."

"అబ్బో. తెలివైనవాళ్ళందరూ అలాగే నటిస్తారమ్మాయ్."

"అయితే మిమ్మల్ని చూసి ఇన్నాళ్ళూ నేను పొరబడ్డానన్నమాట."

ఆపరేటరు హెడ్‌సెట్ సర్దుకునే వంకతో మొహం పక్కకి తిప్పుకున్నాడు.

*

జైలర్ మేడమ్ సైలెన్సర్‌ని ఫోన్ బూతుల హాల్లోకి పిలిపించింది. నాలుగు బూతులు, గోడకి బిగించిన స్టీలు పెట్టెలు, ఇనప తొడుగు వేసిన తీగలు. మొదటి మూడూ ఇంటివాళ్ళకి, నాలుగోది లాయర్లకి. నాలుగోదాని మీద పచ్చ రంగు తాళం బొమ్మ, కింద పెద్ద అక్షరాలు, "ఈ లైను ఎవరూ వినరు." అంత గట్టిగా చెబుతుంటేనే నాకు అనుమానమొచ్చింది. మా కాలేజీ హాస్టల్ ఫ్రిజ్ మీద కూడా "ఎవరూ ముట్టుకోరు" అని రాసుండేది.

సైలెన్సర్ సన్నగా ఉన్నాడు. వేళ్ళ చివర్లలో కాలిన మచ్చలు.

"మొన్న ఎవరికి ఫోన్ చేశావు?"

"అక్కకి."

"ఏం మాట్లాడావు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే?"

"కలవలా."

"మరి అంతసేపు రిసీవరు చెవి దగ్గర పెట్టుకుని ఏం చేశావయ్యా?"

"ఆగమంది."

"ఎవరు ఆగమంది?"

"మెషీను. పేరు చెప్పా. నంబరు నొక్కా. కాసేపు ఆగమంది. ఆగా."

"ఎంతసేపు?"

"నిమిషాలన్నీ పోయేదాకా." అప్పటికి అతను తలెత్తాడు. "వారానికి ఒక్క కాల్ మేడమ్. అది కూడా పోయింది."

"చెప్పలేదా ఎవరికీ?"

అతను గాజు కిటికీ అవతలున్న ఆపరేటరు వైపు గడ్డంతో చూపించాడు. ఆపరేటరు తలుపు దగ్గరకొచ్చి గొణిగాడు, "రోజుకి పదిమంది చెప్తారు మేడమ్, లైను కలవలేదు, నిమిషాలు పోయాయని. అందరికీ రాసి పంపితే కంపెనీవాళ్ళు నన్నే తిడతారు."

"అందుకని మనుషుల్నే తిట్టి పంపేస్తున్నావన్నమాట. బాగుంది సర్దుబాటు."

వెనక నుంచి ఇస్త్రీ చప్పట్లు కొట్టాడు, రెండే రెండు. "మెషీను ఆగమందంట. ఆగాడంట. ఏ పిల్లాడైనా ఇంతకంటే మంచి అబద్ధం చెప్తాడు."

"అదే నా పాయింటు కూడా సార్. అబద్ధమైతే ఇంతకంటే బాగుండేది."

సైలెన్సర్‌ని పక్కన కూర్చోబెట్టి మొదటి బూతులోకి దూరాను. రిసీవరు జిడ్డుగా, బరువుగా ఉంది. మాట్లాడే చోట చిల్లులు సగం మూసుకుపోయాయి. కెమెరా సరిగ్గా నా వెనక, సీలింగు మూలలో ఉంది. నేను ఇక్కడ నిలబడి భగవద్గీత చదివినా, బూతులు తిట్టినా, నోరు మూసుకుని నిలబడినా అందులో ఒకేలా కనిపిస్తాను.

"మేడమ్, దీంట్లోంచి నా ఫోన్‌కి ఒక కాల్ చేసుకోవచ్చా? నా ఫోను గేటు దగ్గర ఇచ్చేశాను. దాన్ని షెడ్డులో ఉన్న వీళ్ళక్క చేతిలో పెట్టించండి."

జైలర్ మేడమ్ ఒక క్షణం ఇస్త్రీ వైపు చూసింది. తర్వాత చూడటం మానేసి ఆపరేటరుకి సైగ చేసింది. ఆవిడ మీద నాకు అప్పుడే కాస్త గౌరవం కలిగింది.

రింగైంది. "హలో, ఎవరూ?" అక్క గొంతు, మిషను కుట్టే మనుషులు మాట్లాడినట్టు గట్టిగా.

"అక్కా, నేను. డిటెక్టివుని. ఏం మాట్లాడకుండా విను. ఎక్కాలు చదువుతా."

"ఏం చదువుతావ్?"

"ఎక్కాలు. రెండో ఎక్కం నుంచి."

"అక్కడ నా తమ్ముణ్ణి పంపించేస్తుంటే నువ్వు ఎక్కాలు..."

"రెండొకట్ల రెండు!" అని అందుకున్నాను. జైలు హాల్లో ఖాకీ బట్టల మధ్య నిలబడి, చదివిన ఇంజినీరింగు మొత్తం పక్కన పెట్టి, ఆపకుండా ఏడో ఎక్కం దాకా చదివాను. ఇస్త్రీ మొహంలో ఆనందం వర్ణించలేను. "ఎవరన్నా ఆమెకి నీళ్ళివ్వండి," అంటున్నాడు ఎవరితోనో.

"అక్కా, అన్నీ వినపడ్డాయా?"

"ఎక్కడ వినపడ్డాయి? నాలుగో ఎక్కంలో ఆ మహాతల్లి దూరింది. జైలు నుంచి కాల్, రికార్డవుతోంది అని. మళ్ళీ ఆరో ఎక్కంలో దూరింది. ఎప్పుడూ అంతే చెల్లీ. మావాడు పొరపాటున రెండు ముక్కలు మాట్లాడతాడు, సరిగ్గా ఆ రెండు ముక్కల మీదే ఆవిడొచ్చి కూర్చుంటుంది."

నా చెవిలో ఆ మహాతల్లి ఒక్కసారి కూడా దూరలేదు.

రిసీవరు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. కోపం కాళ్ళలో మొదలై పైకొచ్చింది. ఇంత చిన్న విషయం. ఇంతమంది చెవులు పెట్టుకుని కూర్చున్న గదిలో.

"అక్కా, లాయరమ్మకి ఆ ఫోన్లోంచే చేసి చెప్పు. రికార్డింగు దొంగదని తేలిపోయింది. నీ తమ్ముడు ఒక్క మాట కూడా అనలేదు."

అవతల ముక్కు ఎగబీల్చిన శబ్దం. "ఇప్పుడే చేస్తా," అంది.

*

"ఏం తేలింది?" అన్నాడు ఇస్త్రీ, వినే గదిలోకి నా వెనకే వస్తూ. "ఏడో ఎక్కం బాగానే వచ్చని తేలిందా?"

"ఆపరేటర్ గారూ, పాత కాల్స్ ఒక నాలుగు వెయ్యండి. ఎవరివైనా సరే."

వేశాడు. ఒకడు భార్యతో స్కూలు ఫీజు గురించి గొడవపడుతున్నాడు, ఆవిడ ప్రకటన వాడి అరుపుల మీద పడింది, వాడు ఆగలేదు. ఇంకొకడు తల్లికి మందుల పేర్లు చెప్తున్నాడు, మధ్యలో రెండు మందులు ప్రకటన కింద నలిగిపోయాయి. మూడోవాడు ఏదో జోకు చెప్పాడు, దాని చివరి ముక్క ఆవిడ మింగేసింది, అవతల ఎవరూ నవ్వలేదు. వాడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

"ఎవరైనా ఆగారా సార్?"

"ఎందుకాగుతారు?"

"కరెక్ట్. ఎందుకాగుతారు? ఆ ప్రకటన బయట ఫోన్ ఎత్తినవాళ్ళకే వెళ్తుంది. బూతులో ఉన్నవాడికి వినపడదు. నాకు వినపడలేదు. ఇక్కడి ఖైదీలెవ్వరికీ ఎప్పుడూ వినపడలేదు. ఇప్పుడు మీ రికార్డింగు వెయ్యండి. ఐదోసారి."

వేశారు. "నీ కూతురు..." ఆగాడు. ప్రకటన మొత్తం అయ్యింది. "స్కూలు నుంచి ఏ గేటులోంచి..."

"ఊపిరి పీల్చుకోడానికి ఆగుంటాడు," అన్నాడు ఇస్త్రీ. కానీ గొంతులో ఇందాకటి పస లేదు.

"పూర్తిగా వినండి. మూడుసార్లు ప్రకటనొచ్చింది, మూడుసార్లూ మాట మధ్యలో ఆపి, మర్యాదగా ఆవిణ్ణి ముగించనిచ్చి, మళ్ళీ అందుకున్నాడు. ఎందుకు? బెదిరింపులో ఒక్క ముక్క కూడా పోకూడదు కాబట్టి. ఆవిడ గొంతు వీడికి వినపడుతోంది సార్. బూతులో ఉన్న మనిషికి వినపడని గొంతు వీడికెలా వినపడింది?"

ఇస్త్రీ రికార్డింగు ఆపమని సైగ చేశాడు.

"రెండు వైపులా వినేవాడికి వినపడుతుంది," అన్నాను. "అంటే కాల్స్ వినే సీటులో కూర్చున్నవాడికి. ఆపరేటర్ గారూ, మీ సీటుకి ఏమేం చెయ్యొచ్చు?"

ఆపరేటరు మొహం పాలిపోయింది. "వినొచ్చు. అవసరమైతే మాట్లాడొచ్చు, అంటే టైమైపోయింది పెట్టెయ్ అని. నంబరు మారితే కాల్ మళ్ళించొచ్చు. అంతే మేడమ్! కానీ నేను కాదు! ఇదిగో చూడండి," అని హెడ్‌సెట్ తీసి నా మొహం మీద పెట్టినంత పని చేశాడు. మైకు ఉండాల్సిన చోట విరిగిన పుల్ల ముక్క, చుట్టూ ప్లాస్టరు. "విరిగి ఏడాదైంది. కొత్తది అడిగితే వినడానికి మైకెందుకన్నారు."

"సైలెన్సర్ పేరు చెప్పాడు, మెషీను ఒప్పుకుంది. అక్క నంబరు నొక్కాడు. అప్పుడు సీటులో ఉన్నవాడు అతన్ని ఆగమని పెట్టి, ఆ కాల్‌ని గార్డమ్మకి మళ్ళించి, అతని బదులు వీడు మాట్లాడాడు. పాపం అతను రిసీవరు పట్టుకుని నిలబడ్డాడు. కెమెరా అతని వీపు తీసింది. మీరు ఆ వీపుని అరెస్టు చేశారు."

"మాటలు జాగ్రత్త."

"ఇంకో విషయం. గార్డమ్మ గొలుసు సంగతి చెప్పబోతోందని ఎవరికి తెలుసు? లాయరమ్మకి. లాయరమ్మ సైలెన్సర్‌కి చెప్పింది, నాలుగో లైనులో, ఎవరూ వినరని రాసుందే, దాంట్లో. గార్డమ్మ, లాయరమ్మ, సైలెన్సర్. నాలుగోవాడు ఎవడు?" ఆపరేటరు వైపు తిరిగాను. "ఇక్కడ కాకుండా సీట్లు ఇంకెక్కడున్నాయి?"

అతను కళ్ళు ఎత్తకుండా అన్నాడు, "ఈ జైలుకి బయట ఒక్కటే మేడమ్. దర్యాప్తుకని ఇచ్చారు. ల్యాప్‌టాప్ ఉంటే చాలు, ఎక్కడ కూర్చుని అయినా వినొచ్చు. లాయరు లైను నా సీటుకి తెరుచుకోదు. దానికి తెరుచుకుంటుందని విన్నా."

"ఎవరిదది?"

అతను ఓరగా ఇస్త్రీ వైపు చూశాడు. మాట్లాడాల్సిన పని లేకపోయింది. ఇస్త్రీ మెడ మీద నరం లేచింది.

"నాది," అన్నాడు. "అయితే ఏంటి? ఆ గొంతు నాదంటావా?"

"లాయరు లైను వినడం నేరమని తెలిసే పెట్టించుకున్నారా?"

"నేను ఆ లైను ఎప్పుడూ వినలేదు! నా సర్వీసులో ఒక్కడంటే ఒక్కడు నా మీద వేలెత్తలేదు. నిన్నగాక మొన్న వచ్చి నాలుగు వైర్లు చదివి నన్ను..."

"ముగ్గురు చచ్చిపోయారు సార్! బయట గొలుసేసి ఉంటే లోపల తలుపు గోకుతూ చచ్చిపోయారు. దాన్ని చెప్పడానికి ఒకే ఒక్క మనిషి మిగిలితే ఆవిణ్ణి మీ సీట్లోంచి బెదిరించారు. మీ సర్వీసు గురించి నాకెందుకు?"

ఆయన బల్ల మీద ఉన్న తన ల్యాప్‌టాప్ నావైపు విసురుగా తిప్పాడు. "చూడు! నీ ఎదురుగానే తెరుస్తా. ఏముందో చూసుకో!" రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, పాస్‌వర్డ్ కొట్టాడు.

తెర మీద ఒక వాక్యం వచ్చింది. నేను చదివాను. ఆయన చదివాడు. ఆపరేటరు మా భుజాల మధ్య నుంచి తొంగి చూసి పైకే చదివాడు.

"మీరు ఇప్పటికే నాలుగో లైనులో ఉన్నారు."

"నేనిక్కడున్నాను కదా," అన్నాడు ఇస్త్రీ, ల్యాప్‌టాప్‌తో.

గాజు కిటికీలోంచి చూశాను. నాలుగో బూతులో సైలెన్సర్ నిలబడి ఉన్నాడు. పంపించేముందు లాయరుతో మాట్లాడుకునే హక్కుంది కాబట్టి జైలర్ మేడమ్ అతనికి ఫోనిచ్చింది. రికార్డింగు దొంగదని తేలాక లాయరమ్మ ఊరుకుంటుందా?

అప్పుడు నాకు అర్థమైంది నేనేం చేశానో. ఇందాకటిదాకా గార్డమ్మ సాక్ష్యానికి విలువ లేదు, కాబట్టి ఆవిణ్ణి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. రికార్డింగు అబద్ధమని తేలిన క్షణం నుంచి ఆ సాక్ష్యానికి మళ్ళీ ప్రాణమొచ్చింది. ఆ కబురు ఇప్పుడు నాలుగో లైనులోనే వెళ్తోంది.

ల్యాప్‌టాప్ లాక్కుని 'విను' నొక్కాను.

"...అంతా మీ డిటెక్టివ్ పిల్ల చలవ తమ్ముడూ," లాయరమ్మ గొంతు, పరిగెత్తినట్టు ఆయాసంగా. "గార్డమ్మ ఎక్కడుందో కూడా దొరికింది. చెప్పాగా, వాళ్ళ పిన్నిగారిల్లు, పాత బస్టాండు వెనక, లాండ్రీ పక్క సందులో పచ్చ తలుపు. ఆ తలుపు ముందే నిలబడి ఉన్నా. లోపల ఉందిగానీ తియ్యట్లేదు. నువ్వు పంపించిన మనిషిననుకుని వణికిపోతోంది."

'మాట్లాడు' నొక్కాను. "లాయరమ్మా, ఆపండి! ఈ లైను వింటున్నారు. బయట నిలబడొద్దు. ఎలాగైనా లోపలికి వెళ్ళి గడియ పెట్టుకోండి!"

"ఎవరది? నువ్వా అమ్మాయ్? ఈ లైన్లోకి నువ్వెలా..."

తెర మీద మూల చిన్న చెవి బొమ్మ ఉంది, పక్కన వినేవాళ్ళ లెక్క, రెండు. నేను చూస్తుండగానే రెండు ఒకటైంది. ఎవడో వెళ్ళిపోయాడు. వాడికి కావలసింది దొరికింది.

"ఫోన్ స్పీకర్లో పెట్టండి," అని అరిచాను. "తలుపుకి ఆనించండి. సైలెన్సర్! మాట్లాడు! ఆమెతో మాట్లాడు!"

గాజు అవతల అతను రిసీవరు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇంత అవసరం వచ్చినప్పుడు కూడా ఈ మనిషికి మాట రాదేమో అనుకున్నాను.

"గార్డమ్మా," అన్నాడు. "నేను. కరెంటోణ్ణి. ఆ రోజు ఫోన్లో నేను కాదు. నా గొంతు విను, నేను కాదు. ఆ గొలుసు మీద నువ్వూ నేనూ కలిసి రాడ్డుతో కొట్టాం. తెగలా. నీ అరచెయ్యి తెగింది. నా చొక్కా చింపి కట్టా. లోపల్నుంచి వాళ్ళు కొట్టడం ఆపేదాకా మనం కొడతానే ఉన్నాం. నీ కూతుర్ని నేనెందుకంటానమ్మా? నువ్వు కోర్టులో ఏం చెప్పకపోయినా పర్లేదు. నేనిక్కడే ఉంటా. ఆ లాయరమ్మని లోపలికి రానియ్. తలుపేసుకో. అంతే."

హాల్లో కానిస్టేబుళ్ళు కదలడం మానేశారు. జైలర్ మేడమ్ గోడకి ఆనుకుంది.

ల్యాప్‌టాప్‌లోంచి గడియ తీసిన చప్పుడు. అడుగులు. మళ్ళీ గడియ. "లోపలికొచ్చేశా," అంది లాయరమ్మ గుసగుసగా. వెనక ఎవరో ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నారు, ఒక ఆడపిల్ల "అమ్మా, అమ్మా" అంటోంది.

నేను ఇస్త్రీ వైపు తిరిగాను. "మీ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"ఎవరికీ..."

"సార్!"

ఆయన కుర్చీలో కూర్చోబోయి, మానేసి, నిలబడ్డాడు. "నాకీ కంప్యూటర్ల గోల రాదు. ఇంట్లో కూర్చుని వినేలా మా బావ పెట్టిచ్చాడు. పాస్‌వర్డ్ కూడా తనే పెట్టాడు."

"మీ బావగారు ఏం చేస్తారు?"

"సెక్యూరిటీ ఏజెన్సీ."

"ఏ గోడౌనుకి?"

ఇస్త్రీ నడుముకున్న వైర్‌లెస్ సెట్ లాగి నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఇందాకటి నుంచీ నా మీద చూపించిన కోపమంతా ఇప్పుడు సరైన చోటికి వెళ్ళినట్టుంది. "కంట్రోల్, పాత బస్టాండు వెనక, లాండ్రీ పక్క సందు, పచ్చ తలుపు. దగ్గర్లో ఉన్న బండిని వెంటనే పంపండి. లోపల ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పాప. ఎవర్నీ ఆ తలుపు దగ్గరికి రానివ్వద్దు."

సెట్ కరకరలాడింది. అవతల కుర్రగొంతు, ఉత్సాహంగా ఉంది.

"మన బండి అక్కడే ఉంది సార్. మీరు పంపమన్నారని మీ బావగారు ఇందాకే ఫోన్ చేశారు కదా. దారి చూపిస్తానని ఆయన కూడా బండెక్కారు."

ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో తలుపు తట్టిన చప్పుడొచ్చింది. మెల్లగా, మర్యాదగా.

"హమ్మయ్య," అంది లాయరమ్మ. ఆమె గొంతులో ఆ రోజు మొదటిసారి నవ్వు విన్నాను. "పోలీసులొచ్చేశారమ్మా. తలుపు తీస్తున్నా."

నా వేలు 'మాట్లాడు' బటన్ మీదే ఉంది. నోరు తెరిచేలోపు తెర మీద ఒక గంట బొమ్మ వెలిగింది, దాని కింద ఒక వాక్యం. లాయరు కాల్‌కి ఇచ్చిన సమయం ముగిసింది. మెషీను తన డ్యూటీ తను చేసుకుంది. లైను కట్టయింది.